అరుపు పరీక్ష

మా గదిలో ఒక ఆచారం ఉంది. పెట్టింది నేనే. ఒక పాత సర్వర్ మూలన గుర్రుమంటూ ఉంటుంది, అది ఏం పని చేస్తుందో ఎవరికీ తెలియదు. ఎవరిదని అన్ని విభాగాలకూ మెయిల్ పెడితే ఒక్కరూ పలకరు. మనుషులు పలికేది మెయిల్‌కి కాదు, పని ఆగినప్పుడు. అందుకని ఆ మెషీన్ వెనక నెట్‌వర్క్ తీగ పీకేసి చేతులు కట్టుకుని కూర్చుంటాను. ఎవరైనా ఫోన్ చేసి అరిస్తే అది వాళ్ళది. ఎవరూ అరవకపోతే ఎవరిదీ కాదు, తీసేయొచ్చు. దీన్ని అరుపు పరీక్ష అంటాను. ఈ వృత్తిలో చాలాచోట్ల ఇలాగే చేస్తారని తర్వాత తెలిసింది గానీ, నేను ఎవర్నీ చూసి నేర్చుకోలేదు. విసుగొచ్చి నేర్చుకున్నాను.

దానికి మూడు నియమాలు పెట్టాను. తీగ పీకాలి గానీ కరెంటు తీయకూడదు, ఎందుకంటే కరెంటు తీస్తే పాత మెషీన్ మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు. పీకినట్టు పట్టికలో రాయాలి: మెషీన్ పేరు, పీకిన తేదీ, ఆగిన రోజులు, వచ్చిన అరుపులు. ఇక మూడోది అన్నిటికంటే ముఖ్యం. మూడు నెలలు ఆగాలి. రోజూ జరిగే పనికి ఆ రోజే అరుస్తారు. మూడు నెలలకోసారి జరిగే పనికి మూడు నెలలకే అరుస్తారు. పది రోజులు చూసి ఎవరూ అరవలేదు కదా అనుకుంటే మునుగుతాం.

ఒకసారి మునిగాం కూడా. ఆ సంగతికి వస్తాను.

మాది మందులు పంపిణీ చేసే కంపెనీ. తయారీదారుల నుంచి మందులు తెప్పించి, గోడౌన్‌లో చల్లగా దాచి, నాలుగు వందల దుకాణాలకు చేరుస్తాం. ఏ మందు ఎక్కడ ఉంది, ఎప్పుడు గడువు తీరుతుంది, ఏ లారీ ఎక్కింది, ఇదంతా నా గదిలోని మెషీన్లలో ఉండేది. నా గది అంటే కింది అంతస్తులో, కిటికీ లేని సర్వర్ గది. మెషీన్లకు వేడి పడదు కాబట్టి లోపల ఎప్పుడూ వణికించే చలి. బయట ఎండ నిప్పులు చెరుగుతున్నా నేను ఉన్ని స్వెటర్‌తోనే తిరుగుతాను, అందుకే ఆఫీసులో పెద్దాచిన్నా అందరికీ స్వెటరక్కని. ఇరవై ఒక్క ఏళ్ళు అక్కడ ఉన్నాను. వాన పడిందో లేదో బయటికొచ్చి నేల చూస్తే తెలిసేది. పెళ్ళి సంగతి ఎవరైనా అడిగితే తీరిక దొరకలేదంటాను. మీకూ అదే చెప్తున్నాను.

తమ్ముడు నాకంటే పన్నెండేళ్ళు చిన్న. నాన్న పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు. వాడి సైకిల్ వెనక పరుగెత్తింది నేను, లెక్కలు తప్పితే తొడపాశం పెట్టింది నేను, కంప్యూటర్ చదువు పూర్తయ్యాక మా కంపెనీకి తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టింది నేను. మొదటి రోజు చలికి వాడి పళ్ళు టకటక కొట్టుకుంటుంటే నా రెండో స్వెటర్ ఇచ్చాను. పూలున్న ఆడవాళ్ళ స్వెటర్. నెల రోజులు సిగ్గుపడకుండా అదే వేసుకున్నాడు. చెప్పింది ఇట్టే పట్టేసేవాడు. ఆరు నెలలు తిరిగేసరికి నాకే సలహాలు చెప్పడం మొదలుపెట్టాడు, నాకు ముచ్చటేసేది.

ఆ మునక వాడు చేరిన మొదటి ఏడాదిలోనే. మూలనున్న ఒక మెషీన్ తీగ పీకి, పది రోజులు చూసి, ఎవరూ అరవలేదని నాతో చెప్పకుండా దాని డిస్కులు తుడిచేశాడు. చురుకైన వాళ్ళకి ఉండే తొందర అది. ఆ మెషీన్ చేసేది ఒకే ఒక్క పని. మూడు నెలలకోసారి, గడువు తీరిపోతున్న మందుల జాబితా తయారుచేసి దుకాణాలకు పంపేది. ఆ త్రైమాసికం చివరి రోజు జాబితా వెళ్ళలేదు. గడువు తీరిన పిల్లల జ్వరం మందు మూడు రోజులు అలమరల్లోనే ఉండిపోయింది. గోడౌన్ వాళ్ళు, డ్రైవర్లు, గుమాస్తాలు తలో దిక్కూ బయల్దేరి దుకాణం దుకాణం తిరిగి చేతులతో ఏరుకొచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు, అది మా అదృష్టం.

డైరెక్టరు గారు పిలిచి తుడిచింది ఎవరని అడిగారు. తమ్ముడు నా పక్కనే నిలబడి ఉన్నాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. నేనే తుడిచానని చెప్పాను. ఆ ఏడాది రావలసిన పెద్ద పదవి ఇంకొకరికి వెళ్ళింది, ఆ తర్వాత ఏ ఏడాదీ రాలేదు. వాడు ఆ సాయంత్రం నా గదిలో ర్యాక్ వెనక నిలబడి ఏడ్చాడు. జన్మలో మర్చిపోనక్కా అన్నాడు. మర్చిపోకు, మూడు నెలలు ఆగాలని మర్చిపోకు అన్నాను.

తర్వాత క్లౌడ్ వచ్చింది. గోడౌన్ పెద్దాయన ఆ మాట వినగానే, మబ్బులో నీళ్ళు చూసి ముంత ఒలకబోసుకుంటున్నారమ్మా మీరు అన్నాడు. ముప్పై ఏళ్ళుగా పెట్టెలు దించి ఎక్కించే మనిషి, ఆయన నోటికి జడిసి మేనేజర్లు కూడా పక్కదారి పట్టేవాళ్ళు. అది మబ్బు కాదండీ, ఎక్కడో ఇంకొకళ్ళ గదిలో ఉన్న మెషీన్లు, మనం కొనక్కర్లేదు, చల్లబరచక్కర్లేదు, కావలసినంతసేపు వాడుకుని వదిలేయొచ్చు అని చెప్పాను. అయితే నీకు స్వెటర్ అక్కర్లేదన్నమాట అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

నేను పాతదాన్ని పట్టుకుని వేళ్ళాడే మనిషిని కాదు. ఇది గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత నా గురించి అలాగే చెప్పుకున్నారు. ఒకప్పుడు కొత్త సర్వర్ కావాలంటే అర్జీ, సంతకాలు, లారీ, బిగింపు అన్నీ అయ్యేసరికి రెండు నెలలు. క్లౌడ్‌లో పది నిమిషాలు. జ్వరాల కాలంలో దుకాణాల ఆర్డర్లు రెట్టింపైతే నా మెషీన్లు రొప్పేవి, నేను వాటి పక్కన నిలబడి దేవుళ్ళకు మొక్కేదాన్ని. ఇప్పుడు పొద్దున ఎనిమిది మెషీన్లు ఇరవై అవుతాయి, పని తగ్గగానే మళ్ళీ ఎనిమిది అవుతాయి. చూసి నిజంగా మురిసిపోయాను. నలభై మూడేళ్ళ వయసులో కూర్చుని చదివి, క్లౌడ్ సర్టిఫికెట్ పరీక్ష రాసి, పాసయ్యాను. తమ్ముడు క్లౌడ్ విభాగానికి హెడ్ అయితే నేనే అందరికీ మిఠాయిలు పంచాను. నా అరవై నాలుగు మెషీన్లను ఒక్కొక్కటే ఖాళీ చేసి, అరుపు పరీక్ష పెట్టి, తీసేసింది కూడా ఈ చేతులే.

తమ్ముడు అప్పుడు ఒక మాట ఇచ్చాడు. ఆఖరి మెషీన్ తీసేసిన రోజున నిన్ను పైకి తీసుకెళ్తానక్కా, మూడో అంతస్తులో నా టీమ్‌లో నీకొక సీటు, కిటికీ పక్కన అన్నాడు. ఒకరోజు తీసుకెళ్ళి చూపించాడు కూడా. కిటికీలోంచి లారీలు తిరిగే ఆవరణ, అవతల రోడ్డు, రోడ్డు మీద ఎండ. నాకు ఆ సీటు కావాలనిపించింది. ఉద్యోగం కోసమే కాదు, ఆ ఎండ కోసం. మూడేళ్ళ పాటు, ఒక్కో తీగ పీకినప్పుడల్లా ఆ కిటికీకి ఒక మెట్టు దగ్గరయ్యాననుకునేదాన్ని.

ఇంకా నాలుగు మెషీన్లు గడువులో ఉండగా అమ్మ కంటి ఆపరేషన్ వచ్చింది. అమ్మ నాతోనే ఉంటుంది, తమ్ముడు పెళ్ళయ్యాక వేరే ఉంటూ ఆదివారాలు వస్తాడు. రెండు కళ్ళల్లోనూ శుక్లాలు, తొందరేం లేదు, వచ్చే నెలాఖరుకి ఒక కంటికి చేద్దామని డాక్టరమ్మ చెప్పింది. ఉన్నట్టుండి తమ్ముడికి తల్లి మీద ప్రేమ పొంగింది. ఎందుకు ఆలస్యం అన్నాడు, తనే ఆసుపత్రికి వెళ్ళి మూడు వారాలు ముందుకు జరిపించాడు. నాతో పదిహేను రోజులు సెలవు పెట్టమన్నాడు.

తొమ్మిదేళ్ళలో రెండు రోజులు వరసగా సెలవు పెట్టిన మనిషిని కాదు నేను. గది ఎవరు చూస్తారన్నాను. నేను లేనా అన్నాడు. ఫోన్లు వస్తాయన్నాను. నా చేతిలోంచి ఆఫీసు ఫోన్ లాక్కుని తన జేబులో వేసుకున్నాడు. "ఇది నీ దగ్గరుంటే చుక్కల మందు కంట్లో కాదు, అమ్మ ముక్కులో వేస్తావు. పదిహేను రోజులు ఆఫీసుని మర్చిపో అక్కా. నా మాట విను," అన్నాడు. వాడు అంత ఆప్యాయంగా మాట్లాడి ఎన్నాళ్ళైందో. పెంచిన చెయ్యి వృథా పోలేదనుకున్నాను.

మొదటి రెండు రోజులూ చేతులు ఫోన్ కోసం వెతుక్కున్నాయి. తర్వాత అలవాటైపోయింది. ఆపరేషన్ మర్నాడు కట్టు విప్పారు. అమ్మ కాసేపు కళ్ళు చికిలించి నా వైపు చూసింది. చెయ్యి చాచి నా జుట్టు ముట్టుకుంది. "ఇంత తెల్లబడిపోయిందేమిటే," అంది, అని ఏడవడం మొదలుపెట్టింది. నీళ్ళు తగిలితే కుట్లు పాడవుతాయని నర్సు కేకలేసింది. తెల్లజుట్టుకి కూడా ఏడుస్తారా అమ్మా, రంగేసుకుంటాలే అని నేను నవ్వించబోయాను. అమ్మ నవ్వలేదు, మొహం గోడ వైపు తిప్పుకుంది.

రోజుకి నాలుగుసార్లు చుక్కలు. ఎనిమిదింటికి, పన్నెండింటికి, నాలుగింటికి, ఆరింటికి. మధ్యలో నాకు పనేం లేదు. మధ్యాహ్నం మూడింటికి మా వంటింటి గచ్చు మీద ఎండ ఎక్కడిదాకా వస్తుందో ఆ ఇంట్లో పదేళ్ళుగా ఉంటున్న నాకు అప్పుడే తెలిసింది. ఒక పీట వేసుకుని అందులో కూర్చునేదాన్ని. తమ్ముడు రోజూ సాయంత్రం అమ్మకి ఫోన్ చేసేవాడు. ఆఫీసులో ఏమైనా అయిందా అని నేను అడిగితే, ఏమీ కాలేదక్కా, అంతా ప్రశాంతం అనేవాడు. నా మెషీన్లు బుద్ధిగా ఉన్నాయని సంతోషించాను.

పద్నాలుగో రోజు పొద్దున డాక్టరమ్మ చూసి, కన్ను బాగుంది, చుక్కలు మాత్రం ఇంకో పది రోజులు వేయండి అంది. ఇంకో రోజు సెలవు మిగిలి ఉంది. ఊరికే కూర్చోవడమెందుకని, అమ్మని ఇంట్లో దింపి ఆఫీసుకి వెళ్ళాను. ఆ రోజు గురువారం.

గేటు దగ్గరే గోడౌన్ పెద్దాయన తగులుకున్నాడు. ఎక్కడికి పోయావమ్మా, లేబుల్ మెషీన్ మంగళవారం మంగళవారం మొండికేస్తుందని తెలుసు కదా, చల్లగది అలారం ఊరికే మోగుతుందని తెలుసు కదా, ఏడుసార్లు ఫోన్ చేశాను, ఏడుసార్లూ మీ తమ్ముడే ఎత్తాడు అన్నాడు. పని అయిందా అని అడిగాను. అయింది, నువ్వైతే రెండు నిమిషాలు, అతనైతే అరగంట అన్నాడు. నా కోసం పాపం ఎంత అవస్థ పడ్డాడో, నాతో ఒక్క మాట అనలేదు అనుకున్నాను. ఆ అనుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది.

గదిలోకి వెళ్ళి స్వెటర్ వేసుకుని పట్టిక తెరిచాను. గడువులో ఉన్న నాలుగు మెషీన్లకు రోజులు వేయాలి. అరవై నాలుగు మెషీన్లకు అరవై నాలుగు వరసలు. కింద ఇంకో వరస కనిపించింది, అరవై ఐదోది. ఎవరో పొరపాటున నొక్కి ఉంటారనుకుని చదివాను.

పేరు దగ్గర, సర్వర్ గది ఇన్‌చార్జ్ అని ఉంది. పీకిన తేదీ దగ్గర నేను సెలవు మొదలుపెట్టిన తేదీ. ఆగిన రోజులు పదిహేను. వచ్చిన అరుపులు సున్నా. చివరి గడిలో, తీసేయవచ్చు అని ఉంది. రాసినవారి పేరు తమ్ముడిది.

మూడుసార్లు చదివాను. చలి మొదటిసారి స్వెటర్ లోపలికి వచ్చింది. నేను చేసిన పట్టిక, నేను గీసిన గడులు, నేను పెట్టిన పేర్లు. పదిహేనో రోజు ఇంకా గడవనే లేదు, అప్పుడే పదిహేను అని వేసేశాడు. ఆ పట్టిక ప్రతి శుక్రవారం నాలుగింటికి దానంతటదే డైరెక్టరు గారికి వెళ్తుంది. అంటే మర్నాడే.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, మెట్లన్నీ ఎక్కి మూడో అంతస్తుకి చేరేసరికి అదేమిటో తెలిసింది. తమ్ముడు ఒక్కడే ఉన్నాడు. కిటికీ పక్క సీటులో, నాకు చూపించిన సీటులోనే కూర్చున్నాడు. నన్ను చూసి, నీకింకా సెలవుంది కదా అన్నాడు. మొదట వాడి నోట్లోంచి వచ్చిన మాట అది.

అరవై ఐదో వరస ఏమిట్రా అని అడిగాను. వాడు లేచి తలుపు వేశాడు. శనివారం ఇంటికొచ్చి తనే చెప్పాలనుకున్నానన్నాడు. కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. డైరెక్టరు గారు ఒక మనిషిని తగ్గించమన్నారట. టీమ్‌లో నలుగురూ పిల్లలున్నవాళ్ళట. ఎవరు లేకపోయినా పని నడుస్తుందో కాగితం మీద చూపించమన్నారట. తను కాకపోతే బయటివాళ్ళు వచ్చి ఇదే పని మర్యాద లేకుండా చేసేవాళ్ళట. తను మర్యాదగా చేశాడన్నమాట.

"సున్నా అని రాశావు. గోడౌన్ నుంచే ఏడు వచ్చాయట," అన్నాను.

"అవి అరుపులు కావక్కా, అడగడాలు. నేను సర్దేశాను."

"ఎలా సర్దావు?"

"నువ్వు నేర్పినట్టే," అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. వాడి బల్ల సొరుగు లాగాను. నా ఆఫీసు ఫోన్ అందులోనే ఉంది, ఛార్జింగ్‌లో. తెరిచి చూస్తే పద్నాలుగు రోజుల్లో ముప్పై ఒక్క ఫోన్లు. గోడౌన్, చల్లగది, లారీల ఆఫీసు, దుకాణాల విభాగం. ప్రతిదీ వీడు ఎత్తి మాట్లాడినవే. తీగ పీకితే అరుపు వస్తుంది, వచ్చిన అరుపు వినపడకుండా మధ్యలో నిలబడి చెవులు మూశాడు. దీన్ని పరీక్ష అనరు, నమ్మించి గొంతు కోయడం అంటారు. ఆ మాట వాడి మొహం మీదే అన్నాను.

అప్పుడు బయటపడ్డాడు. ముప్పై ఒకటి అని రాస్తే నా క్లౌడ్ పని ఇంకా పూర్తి కాలేదని అర్థమక్కా, మూడేళ్ళలో అయిపోయిందని పైన చెప్పుకున్నాను, నా సీటు పోతుంది అన్నాడు. నన్ను తీసేయాలనుకున్నది నేను పనికిరాక కాదు. పనికొస్తానని తెలిస్తే వాడి పరువు పోతుందని. ఇంత తెలివి నేను నేర్పలేదు. ఏకు మేకైందని అందరూ అంటుంటే విన్నాను గానీ, ఆ ఏకుని చేత్తో వడికింది నేనే అయినప్పుడు ఎవరితో చెప్పుకోను?

"మూడు నెలలు ఆగాలని మర్చిపోయావా?" అని మాత్రం అడిగాను. వాడు తల దించుకుని కీబోర్డు చూస్తూ కూర్చున్నాడు. ఫోన్ తీసుకుని బయటికి వచ్చేశాను.

ఇల్లు చేరేసరికి పన్నెండు. చుక్కల వేళ. అమ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని నా కోసమే చూస్తోంది. కోపం కక్కేయడానికి నాకు ఈ లోకంలో ఉన్నది అమ్మ ఒక్కతే. చేతులు కడుక్కుంటూ మొత్తం చెప్పాను. చెప్తున్నంతసేపూ అమ్మ అయ్యో అనలేదు, వాడా అనలేదు, నిజమా అనలేదు. పాత సంగతి విన్నట్టు వింది. మందు సీసా మూత తిప్పుతున్న నా చెయ్యి ఆగిపోయింది.

"నీకు తెలుసా?" అన్నాను.

అమ్మ దుప్పటి అంచు మడత పెట్టింది, విప్పింది. ఆపరేషన్ తేదీ మార్పించే ముందే వాడు వచ్చి చెప్పాడంది. అక్కకి చెప్తే సెలవు పెట్టదు, నువ్వు కాస్త ముందుకు జరుపుకుంటే అన్నీ సర్దుకుంటాయి అన్నాడట. నెలాఖరుదాకా ఆగాల్సిన కన్ను నా కోసం కాదు, వాడి కోసం ముందే కోయించుకుంది.

"వాడికి చిన్నపిల్ల ఉందే. వాడి సీటు పోతే ఎలా?" అంది.

"మరి నాది?"

"నీకేం, నువ్వు గట్టిదానివి. ఎలాగైనా బతుకుతావు," అంది అమ్మ.

ఆ మాట ఆవిడ తిట్టుగా అనలేదు. మెచ్చుకోలుగా అంది. అందుకే అంత లోతుగా దిగింది. కట్టు విప్పిన రోజు అమ్మ ఎందుకు ఏడ్చిందో అప్పుడు అర్థమైంది. నా తెల్లజుట్టు చూసి కాదు. కొత్త కంటితో మొదట కనిపించింది నేను, నాకు తెలియనిది ఆవిడకి తెలుసు.

ఆ ఫోన్ డైరెక్టరు గారికి చూపించొద్దని అమ్మ నా మణికట్టు పట్టుకుంది. మీరిద్దరూ నాకు రెండు కళ్ళు, ఏ కన్ను పొడుచుకోమంటావు అంది. ఇంకో రోజైతే ఈ మాటకి నవ్వేదాన్ని. రెండు కళ్ళూ సమానమైతే చీకటి ప్రతిసారీ ఒక కంటికేనా అని అడగాలనిపించింది. పదేళ్ళ కిందట డైరెక్టరు గారి ముందు వాడి తప్పు నెత్తిన వేసుకున్నది ఎవరూ అడగకుండానే. ఇప్పుడు అడుగుతున్నారు, అడగక్కర్లేదన్నంత ధీమాగా. చుక్కలు వేసి లేచాను.

శుక్రవారం పొద్దున చుక్కలు వేసి, మధ్యాహ్నానివి వేయమని పక్కింటావిడకి చెప్పి, మామూలు వేళకే గదికి వెళ్ళాను. పట్టిక తెరిచి అరవై ఐదో వరసలో పదిహేను కొట్టేసి పద్నాలుగు వేశాను, సున్నా కొట్టేసి ముప్పై ఒకటి వేశాను. చివరి గడిలో, గడువు పూర్తి కాలేదు అని రాశాను. వాడి గురించి చెడ్డగా ఒక్క ముక్క రాయలేదు. ఆ పట్టికని కూడా నా మెషీన్ మీంచి తీసి క్లౌడ్‌కి ఎక్కించింది వాడే. అక్కడ ఎవరు, ఎప్పుడు, ఏ అంకె మార్చారో చెరగకుండా ఉంటుంది. కావాలంటే మళ్ళీ సున్నా వేసుకోవచ్చు, వేసినట్టు కూడా ఉంటుంది.

పదకొండున్నరకి ఆఫీసు ఫోన్ మోగింది. తమ్ముడు. ఎత్తాను. ఏం చేశావో తెలుసా అని అరిచాడు. నా కొంప ముంచావు అన్నాడు, సొంత తమ్ముడినని కూడా చూడవా అన్నాడు, అమ్మ చెప్పినా వినవా అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు నా మీద అంత గట్టిగా అరవడం అదే మొదలు. మొత్తం విన్నాను. పెట్టేశాక ముప్పై ఒకటి కొట్టేసి ముప్పై రెండు చేశాను.

నాలుగున్నరకి డైరెక్టరు గారు పైకి పిలిచారు. తమ్ముడు అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు, పదేళ్ళ కిందటి లాగే, మొహంలో నెత్తురు లేకుండా. పట్టిక, కొట్టేసిన అంకెలతో సహా, డైరెక్టరు గారి ముందు తెరిచి ఉంది. సున్నా వేసింది ఎవరని ఆయన అడిగారు. తమ్ముడు నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. నేను కిటికీలోంచి ఆవరణలో లారీ వెనక్కి తిరగడం చూస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి, నేనేనండీ అని తమ్ముడి గొంతు వినిపించింది.

ఈ పరీక్షకి గడువు ఎంత అని డైరెక్టరు గారు నన్ను అడిగారు. మూడు నెలలన్నాను. అయితే మూడు నెలలు ఎవరినీ తీయొద్దు, అప్పటిదాకా ఫోన్ ఈవిడ దగ్గరే ఉంటుంది, పట్టిక నేను చూస్తాను అన్నారు. తమ్ముడిని సోమవారం నుంచి ఇంకొకరి కింద పని చేయమన్నారు. మూడు నెలల తర్వాత నేనుంటానో ఉండనో నాకు తెలియదు. నిజంగా ఎవరూ అరవకపోతే నా సంచీ నేనే సర్దుకుంటాను. ఆ కిటికీ సీటు సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి ఆరు. తమ్ముడు అప్పటికే ఫోన్ చేసి ఉంటాడు, అమ్మ కళ్ళు రెండూ ఎర్రగా ఉన్నాయి. ఏడవొద్దని నర్సు చెప్పింది కదా అనబోయి ఊరుకున్నాను. చేతులు కడుక్కుని సీసా తీసుకుని మంచం పక్కన కూర్చున్నాను. అమ్మ నా మొహం వైపే చూస్తోంది, ఇప్పుడు బాగా కనిపిస్తున్నట్టుంది.

"ఇక నాతో మాట్లాడవా?" అంది.

"పైకి చూడమ్మా," అన్నాను.